చింతపండు లేని పులిహోర

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. 2000 జులైలో టైమ్ పత్రిక ఒక బియ్యాన్ని ముఖచిత్రానికి ఎక్కించి, ఏటా పది లక్షల మంది పిల్లల్ని ఇది కాపాడగలదని చాటింది. అప్పటికి ఆ బియ్యం ఇంకా స్విట్జర్లాండ్ గ్రీన్‌హౌస్ గడప దాటలేదు. ఇంగో పోట్రికస్, పీటర్ బేయర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు డాఫొడిల్ పువ్వు నుంచీ బాక్టీరియా నుంచీ జన్యువులు తెచ్చి వరిలో పెడితే గింజ లేతపసుపుకు తిరిగింది. విటమిన్-ఎకు ముడిసరుకైన కెరోటినాయిడ్లు గ్రాముకు 1.6 మైక్రోగ్రాములు! విటమిన్-ఎ అంతా దాన్నుంచే రావాలంటే పసివాడు రోజూ కిలోలకొద్దీ అన్నం తినాలి. ఘటోత్కచుడి ఇంటి పిల్లలకైతే బ్రహ్మాండంగా సరిపోయేది.

2005లో సింజెంటా కంపెనీ వాళ్ళు డాఫొడిల్‌ను పక్కనపెట్టి మొక్కజొన్న జన్యువు వేసి 37 మైక్రోగ్రాముల దాకా తీసుకెళ్ళారు. శాస్త్రం దొంగదని నేననను. దొంగది డప్పు. 2016లో ఈ బియ్యాన్ని అడ్డుకుంటోందంటూ పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్‌ను ఉతికేస్తూ వంద మందికి పైగా నోబెల్ విజేతలు లేఖ రాశారు. అప్పటికి దాన్ని తినడానికి ఏ దేశమూ అనుమతే ఇవ్వలేదు. 2013లో ఫిలిప్పీన్స్‌లో ప్రయోగపు మడిని పీకి పారేసిన వీరులూ తక్కువ తినలేదు, డప్పు వాయించేవాళ్ళకు ఉచితంగా ఒక విలన్‌ను సమకూర్చారు. ఆ దేశమే 2021లో సాగుకు పచ్చజెండా ఊపింది, 2024లో అక్కడి కోర్టు ఎర్రజెండా చూపింది.

మన మారుటేరు ఆడపడుచు స్వర్ణ వరికీ ఈ పసుపు రాయబోయారు. మొక్క గిడసబారింది, ఆకు పాలిపోయింది, దిగుబడి పడిపోయింది. చొప్పించిన జన్యువు వెళ్ళి వెళ్ళి వరి సొంత జన్యువు నడుమ కూర్చుందని 2017లో మన శాస్త్రవేత్తలే తేల్చారు. ఫిలిప్పీన్స్‌కు వెళ్ళిన బియ్యంలో జన్యువు కూర్చున్న చోటు వేరు, అది వేరే సంబంధం అంటారు. నిజమే, అది వేరే.

అన్నట్టు, ఆ పసుపును గింజ లోపలే ఎందుకు పెట్టారనుకున్నారు? ఎంత పాలిష్ పట్టినా పోకుండా! మన మిల్లుల సంగతి జూరిచ్ దాకా పాకిందన్నమాట. బి-విటమిన్లు, ఇనుము ఉన్న తవుడును గేదెలకు పెట్టి, గేదె వదిలేసింది మనం తిని, బలం కోసం ప్రయోగశాల వైపు చూస్తాం. పెరట్లో మునగచెట్టు ఉంటే కాయలకే ఎక్కుతాం. ఆకులో కెరోటిన్ దండిగా ఉందంటే ఎవరు నమ్ముతారు, పెరటి చెట్టు కదా!

ఇంకో చిక్కుంది. కెరోటిన్ ఒంటబట్టాలంటే భోజనంలో కాస్త కొవ్వుండాలి. గొడ్డుకారంతో నాలుగు ముద్దలు మింగేవాడికి బియ్యం పసుపైనా తెలుపైనా పెద్ద తేడా లేదు. కాబట్టి రేషన్ షాపులో ఈ బియ్యంతోపాటు నూనె ప్యాకెట్టూ ఇవ్వాలి. ఆ ప్యాకెట్టే ఇవ్వగలిగితే రెండు కట్టల తోటకూర వేయించుకోవచ్చు. అప్పుడు బియ్యం తెల్లగానే ఉన్నా నాకేం అభ్యంతరం లేదు.