అర్థం కాకుండా చెప్పడం ఎలా?

తిరుపతిలో కూర్చుని కంప్యూటర్ సైన్సు గురించీ ఏఐ గురించీ తెలుగులో వీడియోలు చేద్దామనుకుంటున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ముందుగా ఒక వ్యాపార సూత్రం. చూసినవాడికి విషయం అర్థమైతే వాడు మళ్లీ రాడు. అర్థం కాకపోతే తన బుర్రే తక్కువని సర్దుకుంటాడు, మిమ్మల్ని మేధావి అంటాడు, రెండో భాగం కోసం కాచుకుంటాడు. మీరు చేయవలసిందల్లా పాఠం చెప్పినట్టు అనిపించడమే. అది అందరికీ చేతనయ్యే విద్య కాదు గనక ఈ చిట్కాలు.

బొమ్మతో మొదలుపెట్టండి. వెనక శేషాచలం కొండలు, ముందు ఎర్రకళ్ల రోబో, నడుమ నోరు తెరిచిన మీరు. పైన పచ్చరంగు అక్షరాల్లో ‘ఇంగ మీ ఉద్యోగం పోయినట్టే!’ అని రాయండి. వీడియోలో ఉద్యోగాల ఊసే లేకపోయినా ఎవరూ కేసు పెట్టరు. మొదటి మూడు నిమిషాలు గంట నొక్కమని అడగడానికి సరిపోతాయి.

తర్వాత పోలిక కావాలి. మన ఊళ్లో పోలిక వెతుక్కోనక్కర్లేదు, లడ్డూ ఉంది. అల్గారిథం అంటే లడ్డూ దిట్టం అనండి. దిట్టమంటే ఇన్ని లడ్డూలకు ఏ సరుకు ఎంత వేయాలో ముందే ఖరారు చేసిన పట్టీ. 5,100 లడ్డూలకు నెయ్యి 165 కిలోలు, శనగపిండి 180, చక్కెర 400, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4, వెరసి 803 కిలోలు. అల్గారిథం అన్నా ఇలా ముందే తేల్చి రాసిపెట్టిన పద్ధతే. పోలిక బాగా నప్పింది కదా, ఇక దాన్ని వదలకండి. డేటాబేసన్నా లడ్డూ, క్లౌడన్నా లడ్డూ, న్యూరల్ నెట్‌వర్క్ అన్నా లడ్డూయే.

ఇక్కడ ఏ పదో తరగతి పిల్లో అడ్డుపడొచ్చు. “దిట్టం మనుషులు రాసినారు గదన్నా, న్యూరల్ నెట్‌వర్క్‌లో ఉండే అంకెలు ఎవురు రాసినారు?” ఎవరూ రాయలేదు. అడ్డదిడ్డం అంకెలతో మొదలుపెట్టి, జవాబు తప్పినప్పుడల్లా ఆ తప్పు కాస్త తగ్గే వైపుకు ఒక్కో అంకెనూ రవ్వంత జరుపుతూ, అదే పని లక్షలసార్లు చేయగా చివరికి కుదిరిన అంకెలవి. ఏఐలో విశేషమంతా ఆ జరపడంలోనే ఉంది, మన లడ్డూ పోలిక సరిగ్గా అక్కడే చిదిగిపోతుంది. కాబట్టి ఆ పిల్ల నోరు తెరవకముందే ‘అంతా స్వామివారి దయ’ అని చేతులు జోడించి తర్వాతి అంశానికి దూకండి.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద ప్రమాదం గురించి. కంప్యూటర్ సైన్సులో ‘క్యూ’ అనే పాఠానికి తిరుమలను మించిన ప్రయోగశాల ఎక్కడ దొరుకుతుంది? అందుకే కెమెరాను పొరపాటున కూడా కొండవైపు తిప్పకండి. జాన్ లిటిల్ అనే ఆయన 1961లో నిరూపించిన ఒక చిన్న సూత్రం ఉంది. గంటకు ఎంతమంది బయటపడుతున్నారో, ఒక్కొక్కరు ఎన్ని గంటలు ఆగుతున్నారో, ఆ రెండూ గుణిస్తే లోపలున్న జనం లెక్క వస్తుంది. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో 40,000 మంది ఉన్నారనుకుందాం. గంటకు 4,000 మందికి దర్శనం అవుతోందనుకుందాం. ఇప్పుడు వచ్చి చేరినవాడికి 10 గంటలు. కంపార్ట్‌మెంట్లు ఎన్ని కట్టినా ఆ 10 తగ్గదు, కూర్చునే చోటు పెరుగుతుందంతే. తగ్గాలంటే గంటకు వెళ్లేవాళ్లయినా పెరగాలి, ఒక్కసారిగా వచ్చిపడేవాళ్లయినా తగ్గాలి. టైమ్ స్లాట్ టోకెన్లు చేసేది ఈ రెండో పనే. కంపార్ట్‌మెంటులో గంటలు లెక్కపెట్టుకోవలసిన మనిషిని, తిరుపతిలో భోంచేసి కునుకు తీసి నిదానంగా రమ్మంటాయి. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం ఇంకో వరస. గంటకు వెళ్లే 4,000లో ఆ వరసకు వెయ్యి ఇస్తే మిగతావాళ్ల 10 గంటలు ఎన్నవుతాయో కూడా ఈ సూత్రమే చెబుతుంది. లోపలున్న 40,000 మందీ ఉచిత సర్వదర్శనం వాళ్లే అయితే 13 గంటల పైమాట.

ఇందులో ఉన్నది గుణకారం, భాగహారం. పిల్లాణ్ని ఒళ్లో పడుకోబెట్టుకుని రాత్రంతా కంపార్ట్‌మెంటులో గడిపిన తల్లికి ఇది చెబితే రెండు నిమిషాల్లో పట్టేస్తుంది. పట్టేసి ‘అయితే ఆ వరసకు వెయ్యి ఇవ్వాలని లెక్క ఎవరు కట్టారు?’ అని అడుగుతుంది. మనకెందుకొచ్చిన గొడవ? ‘క్యూ ఈజ్ ఎ లీనియర్ డేటా స్ట్రక్చర్’ అని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివి, ఎన్‌క్యూ, డీక్యూ, ఫ్రంట్, రేర్ అని నాలుగు బాణం గుర్తులు గీసి సెలవు తీసుకోండి.

కొండమీది కెమెరాల గురించి మాట్లాడక తప్పకపోతే గంభీరమైన గొంతుతో మాట్లాడండి. 2023 మార్చి 1న టీటీడీ ముఖ గుర్తింపును ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. టోకెన్ లేని దర్శనానికీ, గదుల కేటాయింపుకూ వాడింది. దళారుల పని పట్టడం అందులో ఒక ఉద్దేశం. మీరు ‘కెమెరా కన్ను మిమ్మల్ని ఎరుగును’ అని వెనక వేదఘోష వేయండి. అది మనిషిని ఎరగదనీ, ముఖాన్ని ఒక అంకెల వరసగా మార్చి, గది తీసుకున్నప్పటి వరసకూ ఇప్పటి వరసకూ ఎంత దూరమో కొలుస్తుందనీ చెప్పకండి. ఎంత దూరం దాకా ‘ఒకరే’ అనుకోవాలో ఆ గీత గీసేది మనుషులే. గీత బిగిస్తే గుండు కొట్టించుకుని దిగివచ్చిన అసలు భక్తుణ్ని కాదు పొమ్మంటుంది, వదులు చేస్తే అన్న బదులు తమ్ముణ్ని రానిస్తుంది. రెండు తప్పులనూ ఒకేసారి సున్నా చేసే గీత దాదాపు దొరకదు. ఇదంతా చెబితే వేదఘోష మీద ఖర్చుపెట్టిన డబ్బు వృథా.

ఇక రాజ్ రెడ్డి. ఈ పేరు లేకుండా మన ఉమ్మడి చిత్తూరు జిల్లా ఏఐ వీడియో ఉండకూడదు. ఫొటో పెట్టండి, చుట్టూ వెలుగు పెట్టండి. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు, గిండీలో ఇంజనీరింగ్, అక్కణ్నుంచి ఆస్ట్రేలియా, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర పీహెచ్‌డీ, 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి కంప్యూటర్ సైన్సులో ఇచ్చే ట్యూరింగ్ అవార్డు, ఆసియా మూలాలున్నవాళ్లలో ఆ అవార్డు అందుకున్న మొదటి మనిషి. గుక్క తిప్పుకోకుండా చదవండి. ‘మన చిత్తూరు నీళ్లలో ఏముందో గానీ!’ అని ముగించండి. నీళ్లే లేని జిల్లాకు ఈ మాట ఎట్లా అతుకుతుందని ఎవరూ అడగరు.

అవార్డు ఎందుకిచ్చారో మాత్రం చెప్పొద్దు. చెప్పబోతే చాలా దూరం వెళ్లాలి. మైకులోకి వచ్చేవి గాలి ఒత్తిడి హెచ్చుతగ్గులు, వాటి అంకెలు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. మన పక్క ‘యాడికి పోతా ఉండావు’ అని విడమర్చి పలికేవాళ్లెవరు? ‘యాడికిపోతుండావ్’ అని ఒక్క ఊపులో అనేస్తాం. దాన్ని ఎక్కడ తుంచాలో యంత్రానికి ఎట్లా తెలియాలి? 1970ల మొదట్లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో రాజ్ రెడ్డి బృందం కట్టిన హియర్‌సే-1 ఈ చిక్కును చదరంగం బల్లమీద విప్పింది. మనిషి నోటితో ఎత్తు చెబుతాడు. ఆ క్షణాన బల్లమీద చెల్లే ఎత్తులు కొన్నే, వాటిలో ఎవరైనా వేయదగ్గవి ఇంకా తక్కువ. చెవికి రెండు మాటలు ఒక్కలాగే తోచినప్పుడు ఆటలో కుదరనిదాన్ని కొట్టేసి రెండోదాన్ని పట్టుకుంటుంది. వినడంలో చెవి చేసే పని కొంతే, ఏం వినబడబోతోందో ముందే ఊహించగలగడం మిగతాది. అదే బృందం నుంచి 1976లో వచ్చిన హార్పీకి 1,011 మాటలు తెలుసు. వాటితో చెప్పగల వాక్యాలన్నిటినీ దారుల వలగా అల్లుకుని, వింటున్నకొద్దీ ఆశ ఉన్న కొన్ని దారులనే పట్టుకుని మిగతావి వదిలేస్తూ పోయింది. ఆ వదిలేసే పద్ధతిని బీమ్ సెర్చ్ అంటారు. ఇప్పటి అనువాద యంత్రాల్లో కూడా అది పనిచేస్తోంది.

ఇదంతా విన్న కుర్రాడు ఏం చేస్తాడు? ఫోనుకు మన యాసలో నాలుగు మాటలు చెప్పి, అది ఏది తప్పు విన్నదో రాసుకుని, ఎందుకు తప్పు విన్నదో ఆలోచించడం మొదలుపెడతాడు. వాడు మీ చేతిలోంచి జారిపోయినట్టే లెక్క. ఆ నీళ్ల మాటతోనే ఆపండి.

తెలుగు గురించి ఒక్క హెచ్చరిక. వీడియో పేరులో ‘మన తెలుగులో’ అని ఉండాలి, లోపల ఉండకూడదు. ఉంటే ఇలాంటి లెక్కలు బయటపడతాయి. ‘తిరుపతి’ అని రాస్తే మన కంటికి నాలుగక్షరాలు. కంప్యూటరుకు యూనికోడ్‌లో ఏడు గుర్తులు, ఎందుకంటే గుడులూ కొమ్ములూ విడివిడిగా లెక్క. యూటీఎఫ్-8లో దాచితే ఒక్కో గుర్తుకు మూడు బైట్ల చొప్పున 21 బైట్లు. అదే పేరు ఇంగ్లీషు లిపిలో రాస్తే 8 బైట్లు. ‘చిత్తూరు’కు మూడక్షరాలే అయినా త వత్తు వల్ల 8 గుర్తులు, 24 బైట్లు. ఏఐలు రాతను ముక్కలు చేసి మింగుతాయి. ఎక్కువగా ఇంగ్లీషు చూసి ముక్కలు కోయడం నేర్చుకున్నవి తెలుగును మరీ చిన్న ముక్కలుగా తరుగుతాయి. ముక్కకు ఇంత అని రుసుము ఉన్నచోట ఒకే సంగతి తెలుగులో అడిగితే ఖర్చెక్కువ. ‘మీ పేరుకు ఎన్ని బైట్లో లెక్కపెట్టుకోండి’ అని ప్రేక్షకుణ్ని అన్నారా, వాడు కాగితం, పెన్సిలు తీస్తాడు. కాగితం తీసినవాడు ప్రకటనలు చూడడు.

అన్నిటికంటే జాగ్రత్తపడవలసింది రైతుల దగ్గర. దామలచెరువు మామిడి మండీ దగ్గర మీరు సరదాగా కెమెరా పట్టుకుని, ఆకు ఫొటో చూసి తెగులు చెప్పే యాప్ గురించి ఊదరగొడుతుంటారు. తలపాగా చుట్టుకున్న ఒకాయన వచ్చి, “సామీ, అది బూడిద తెగులని చెప్తా ఉండాది గదా, బూడిద తెగులంటే ఇట్లుంటాదని దానికి ముందు ఎవురు చెప్పినారు?” అంటాడు. నిండు మండీలో అడిగిన ప్రశ్న, తప్పించుకోలేరు. వేల ఫొటోలకు కింద పేర్లు రాసింది మనుషులేనని ఒప్పుకోవలసి వస్తుంది. అంతటితో వదలడు. “మా తోట పక్కనే గ్రానైట్ క్వారీ ఉండాది. ఆకు మింద తెల్లగా దుమ్ము పడుంటాది. దాన్ని చూసి ఏమంటాది మీ మిషను?” అంటాడు. దుమ్ము పడిన ఆకుల్ని ఎవరూ చూపించి ఉండకపోతే అది కూడా బూడిద తెగులే అనొచ్చు, అదీ నూటికి 97 పాళ్లు నమ్మకంగా. తనకు తెలిసిన తెగుళ్ల జాబితాలోనే ఆ నూరు పాళ్లూ పంచుతుంది, ‘ఇది నాకు తెలియదు’ అనే గడి ఎవరూ పెట్టకపోతే ఆ మాట దానికి రాదు. ఆ యాప్ మాట విని ఆయన మందు కొడితే డబ్బు నేలపాలు.

ధరలు చెప్పే ఏఐ జోలికి అసలే పోవద్దు. 2025లో తోతాపురి మామిడికి ఏమైందో ఆయనకు మీకంటే బాగా తెలుసు. గుజ్జు ఫ్యాక్టరీల్లో ముందటేటి నిల్వలు మిగిలిపోయి ధర కూలింది. ప్రభుత్వం కల్పించుకుని కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, తాను 4 రూపాయలు, మొత్తం 12 అని తేల్చింది. వెనకటేళ్ల మండీ ధరలు మాత్రమే చదివిన యంత్రానికి ఫ్యాక్టరీ గోడౌను లోపలేముందో కనిపించదు. రైతులు ఇది ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరసలో నిలబడి నేర్చుకున్నారు. వాళ్లకు ‘డేటా ఈజ్ ది న్యూ ఆయిల్’ అని చెప్పి నవ్వులపాలు కాకండి.

ఇవన్నీ తప్పించుకుని వచ్చారంటే కోర్సు అమ్ముకునే యోగం పట్టినట్టే. ‘90 రోజుల్లో ఏఐ ఇంజనీర్’ అని పెట్టండి. ఏర్పేడు ఐఐటీలో చేరాలంటే లెక్కలు రావాలి, మీ కోర్సుకు యూపీఐ ఉంటే చాలు. సిలబస్ అడిగినవాళ్లకు సర్టిఫికెట్ నమూనా పంపండి. బంగారు అంచు ఉండాలి, కింద మీ సంతకం, పక్కన రోబో బొమ్మ. ఎవరైనా ఫీజు వాపసు అడిగితే ‘మా ఏఐ మీ దరఖాస్తును తిరస్కరించింది, అది మా చేతుల్లో లేదు’ అని సందేశం పెట్టండి. ‘వాపసు ఇవ్వొద్దని ఆ ఏఐకి చెప్పింది ఎవురన్నా?’ అని తిరిగి అడిగాడంటే వాడు మీ వీడియోలతో పాటు ఇంకెవరివో కూడా చూస్తున్నాడన్నమాట. బ్లాక్ చేసేయండి.