ఒక్క పాయింటు కలపండి సార్!

నాణేలకు గ్రేడు వేసే అమెరికా వాడు మీ వెండి రూపాయికి 70కి 64 ఇచ్చాడు. మీ లెక్కలో అది 65. భూతద్దం పెట్టి మీరు చూశారు, మీ బావమరిది చూశాడు, దారినపోయేవాణ్ని పిలిచి చూపిస్తే అతనూ "బానే ఉందన్నా" అన్నాడు. ముగ్గురు ఒప్పుకున్నాక తప్పు ఎవరిదో తేలిపోయింది. ఇక మళ్లీ పంపడమే. అశ్వారావుపేటలో కూర్చుని ఆ పని పద్ధతిగా చేయాలనుకునే మనలాంటి వాళ్లకోసం నాలుగు మాటలు.

ముందు నాణెం వయసు చూసుకోండి. నూరేళ్లు దాటితే 1972 చట్టం ప్రకారం అది పురావస్తువు, దేశం దాటించకూడదు. నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలపు చార్మినార్ రూపాయి ఎంత తళతళలాడినా అమెరికా విమానం ఎక్కదు. ఈ ఒక్క మాటలో వేళాకోళం లేదు.

చింతపండు జోలికి పోవద్దు. పీతాంబరి జోలికి అసలే పోవద్దు. తోమిన నాణేనికి అంకె వేయరు, తోమినట్టు చీటీ మీద రాసి పంపిస్తారు. ఇంటిల్లిపాదికీ తెలిసేలా.

ఇప్పుడు పటకారు తీసుకోండి. అమెరికాలో ఈ అంకెలు వేసే కంపెనీల్లో 1986లో పీసీజీఎస్, మరుసటి ఏడు ఎన్‌జీసీ మొదలయ్యాయి. నాణేన్ని ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి, అంకె వేసి, సీలు చేసి ఇస్తాయి. కొనేవాడు, అమ్మేవాడు ఇక వాదులాడుకోకుండా ఉండాలని ఆ సీలు. దాన్ని మీరు పగలగొట్టాలి. డబ్బీతో పంపితే పాత అంకె కనిపిస్తుంది, చూసేవాడికి మొహమాటం. బోసిగా పంపితే మీ రూపాయి నిన్ననే టంకశాలలోంచి వచ్చినంత అమాయకంగా ఉంటుంది. పగలగొట్టేటప్పుడు చెయ్యి జారి అంచు మీద గీత పడిందా, అది ముందునుంచే ఉందనుకోండి.

"ఈసారి వేరేవాడు చూస్తాడు" అన్న నమ్మకం మాత్రం వదలొద్దు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన సలహా ఇదే, దీనికి ఈ నేల మీద చరిత్ర కూడా ఉంది. మన అశ్వారావుపేట నిజాం రాజ్యం అంచున ఉండేది, అవతల గోదావరి వైపు ఇంగ్లీషువాడి ఏలుబడి. ఇటు రూపాయి హాలీ సిక్కా, అటు రూపాయి కల్దారు. ఆరు కల్దార్లకు సుమారు ఏడు హాలీలు. అంచు అరిగిందనో, మోత సరిగా లేదనో డబ్బు మార్చే సరాఫు వట్టం పట్టుకుంటే, చేతిలో రూపాయి ఉన్నవాడు ఊరుకుంటాడా? పక్క కొట్టుకు పోతాడు. అక్కడా అదే మాట వినిపిస్తే ఊళ్లో సరాఫులంతా ఒకటేనంటాడు. మనవాళ్లు ఇంటర్ పేపర్లు రీకౌంటింగుకు పెట్టేదీ ఈ ధైర్యంతోనే. న్యాయం చెప్పేవాడు కావాలి, కాకపోతే మన పక్షాన చెప్పాలి. ఇక్కడి పామాయిల్ రైతుకు ఈ అవకాశం లేదు పాపం. ఫ్యాక్టరీ గేటు దాటిన గెలను వెనక్కి తెచ్చి, నూనె శాతం మళ్లీ చూడమని అడగలేడు. రూపాయి కుళ్లిపోదు, అదే మన అదృష్టం.

నిజం చెప్పాలంటే 64కీ 65కీ మధ్య ఉన్నది చాలాసార్లు ఒక మనిషి అభిప్రాయమే. కాబట్టి మళ్లీ పంపితే ఒక్కోసారి పెరుగుతుంది కూడా. ఎప్పుడూ పెరగకపోతే ఈ రోగం ఎప్పుడో కుదిరేది.

ఇంకో దారి ఉంది, పాటించకండి. ఈ 70 పాయింట్ల కొలతను 1949లో పెట్టినవాడు విలియం షెల్డన్, వృత్తిరీత్యా మనస్తత్వ శాస్త్రవేత్త. 1 వేసిన పాత అమెరికన్ సెంటు కన్నా 70 వేసినది డెబ్భై రెట్లు పలకాలని ఆయన లెక్క. ఆయన పోయాక బయటపడిందేమిటంటే, అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ భద్రపరిచిన మంచి సెంట్లు తీసుకుని, వాటి చోట తన నాసిరకం సెంట్లు పెట్టేవాడట. కొలబద్ద చేసినవాడే అంకె పెరిగేదాకా ఆగలేకపోయాడు.

పగలగొట్టిన డబ్బీలోని పాత చీటీని కంపెనీకి తిప్పి పంపాలని చెబుతారు. ఏ గ్రేడులో ఎన్ని నాణేలున్నాయో వాళ్లు లెక్క రాస్తారు గనక. మనం పంపం, బద్ధకం. దాంతో పగలగొట్టి పంపిన ప్రతిసారీ మీ ఒక్క రూపాయే ఆ పట్టికలో ఇంకొకటిగా చేరుతుంది. అరుదైనదని మీరు దాచుకున్న నాణేన్ని మామూలుదిగా చేస్తున్నది మీ ఫీజు డబ్బులే.

పోస్టు ఖర్చు, ఫీజు, ఇన్సూరెన్సు ఒకచోట రాసి కూడకండి.

63 వచ్చిందా? పాత డబ్బీ ఫొటో ఫోన్లో ఉంచుకోండి. అమ్మేటప్పుడు "ఒకప్పుడు 64" అని చెప్పుకోవచ్చు, కొనేవాడూ మనబోటివాడే అయితే దాన్ని 65గా వింటాడు.