బెజవాడ ఇరవై ఎంతో

నా ముఖం మీద ‘బెజవాడ 2’ వరకే మిగిలింది. ఆ పక్కనుండాల్సిన అంకెను ఏనాడో ఓ గడ్డిబండి ఇరుసు గీరుకుపోయింది. దారిన నడిచేవాళ్లు నన్ను చూసి, “బెజవాడ ఇరవై ఎంతో” అని నిట్టూర్చి, నెత్తిమీద మూట సర్దుకుని సాగిపోయేవాళ్లు. ఆ ‘ఎంతో’ వాళ్ల కాళ్లకు తెలిసేది. ఇప్పుడు కీసర టోల్‌గేటుకు కాస్త ఎడంగా, ఓ టీ బంకు పక్కన వెనక్కి వాలి పడివున్నాను. నేను మైలురాయినని ఇక్కడ ఎవరికీ తెలియదు. కూర్చోడానికి వీలుగా ఉంటానని మాత్రం హైదరాబాదు లారీలవాళ్లకు కూడా తెలుసు.

పుట్టుక గురించి చెప్పుకునేంత లేదు. కొండలో పుట్టాను, వడ్డెరల ఉలి దెబ్బలు తిన్నాను, తెల్లదొరల కాలంలో రెండెడ్ల బండెక్కి వచ్చి మునేరు గట్టున పాతుకున్నాను. ఏ రాయిని కదిపినా ఇదే కథ. కాకపోతే ఈ చుట్టుపక్కల రాళ్లలో ఒకదానికి గొప్ప యోగం పట్టింది. జగ్గయ్యపేట ధనంబోడు మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో బర్జెస్ దొర తవ్వించినప్పుడు దొరికిన సున్నపురాతి పలక అది. దాని మీద మాంధాత చక్రవర్తి చెయ్యి పైకెత్తి నిలబడతాడు, మబ్బుల్లోంచి చదరపు నాణేలు జలజలా రాలతాయి. సుమారు 2 వేల ఏళ్ల నాటి పనితనం. ఇప్పుడది చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో నీడపట్టున ఉంది. బజ్జీలు కట్టిన పేపరు ముక్కల్లో ‘పెట్టుబడుల వర్షం’ అన్న మాట కనపడినప్పుడల్లా నాకు ఆ పలకే గుర్తొస్తుంది. చెయ్యెత్తగానే డబ్బు కురవడం ఈ మెట్టసీమలో జరిగిందల్లా ఆ రాతి మీదే.

నేను నిలబడ్డ దారి నాకంటే చాలా పాతది. బందరు రేవుకూ గోల్కొండకూ మధ్య దారి ఇది. వాగుల్ని బట్టి కొంచెం అటూ ఇటూ జరిగిందేమో గానీ పోయే చోటు మారలేదు. 1611లో ఇంగ్లీషు కంపెనీ బందరులో కొట్టు తెరిచింది, డచ్చివాళ్లు అంతకు ముందే దిగారు. తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ఆ శతాబ్దంలోనే ఈ దారి గురించి రాసిపెట్టుకున్నాడు. కలంకారీ గుడ్డలు, వజ్రాలు, ఉప్పు అన్నీ ఎద్దుల మీదే. దీన్ని ఎవరూ కారిడార్ అనలేదు. దారి అన్నారు, సరిపోయింది.

నా చిన్నతనంలో జగ్గయ్యపేట దాటితే నిజాం రాజ్యం. పొగాకు కట్టకూ సుంకం, ఉప్పు బస్తాకూ సుంకం. 1948 సెప్టెంబరులో బెజవాడ నుంచి సైన్యం నా ముందు నుంచే పడమటికి పోయింది. ఆ దుమ్ము నా మీద ఎన్నాళ్లు ఉందో. 1956లో ఎల్ల చెరిగిపోయింది, 2014లో మళ్లీ మొలిచింది. 2020 మార్చిలో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర, హైదరాబాదు హాస్టళ్ల నుంచి బ్యాగులు భుజాన వేసుకుని వచ్చిన పిల్లల్ని ఆపేశారన్న వార్త బంకు దగ్గర విన్నాను. కదలకుండా ఉండడం రాళ్ల పని అంటారు. నా మాత్రం కూడా ఆ సరిహద్దు ఒకచోట నిలిచిన పాపాన పోలేదు.

1957లో జాతీయ రహదారుల చట్టం అమలయ్యాక ఈ దారికి 9 అని నంబరు వచ్చింది. ఆ వెనకే మైళ్లు పోయి కిలోమీటర్లొచ్చాయి. నాకు నాలుగడుగుల దూరంలో పసుపుపచ్చ తల, తెల్ల ఒళ్లు ఉన్న కొత్త రాయిని పాతారు. నన్ను పీకెయ్యనూ లేదు, పట్టించుకోనూ లేదు. ఏటా దసరా ముందు గ్యాంగు మనుషులు సున్నం బకెట్టుతో వచ్చి దానికి మాత్రం పూసి పోయేవాళ్లు. ఒకసారి ఓ ముసలి మేస్త్రీ బ్రష్షులో మిగిలిన సున్నాన్ని నాకు విదిలించాడు. అదే ఆఖరి సున్నం. 2010లో 9 కాస్తా 65 అయింది. ఆ సంగతీ నాకు చాలా ఆలస్యంగానే తెలిసింది.

అన్నట్టు పేపర్లవాళ్ల మీద నాకో కోపం ఉంది. ఏ ఒప్పందం కుదిరినా ‘రాష్ట్ర చరిత్రలో మైలురాయి’ అని రాస్తారు. ఆ రాసినవాళ్లలో ఒక్కడైనా మైలురాయి దగ్గర బండి ఆపి, అది ఎలా ఉందో చూసిన దాఖలా లేదు. రాళ్లలో మర్యాదంతా శంకుస్థాపన రాయిది. రిబ్బను, కొబ్బరికాయ, ఫొటో. ఈ దారి చివర బందరులో ఓడరేవుకు 2008లో ఓ ముఖ్యమంత్రి, 2019లో ఇంకో ముఖ్యమంత్రి, 2023లో మూడో ముఖ్యమంత్రి పనుల ప్రారంభోత్సవం చేశారు. నాలుగు వందల ఏళ్ల కిందట శంకుస్థాపన రాయి లేకుండానే ఓడలు వచ్చిపోయిన ఊరది.

దారి వెడల్పు చేసేటప్పుడు జరిగింది చెప్పాలి. రెండు వరసలు నాలుగవుతున్నాయని ముందు చింతచెట్లు కొట్టేశారు. నాకు ఎండ అంటే ఏమిటో అప్పుడే తెలిసింది. తర్వాత ప్రొక్లెయిన్ వచ్చింది. దాని కొక్కెం నా నడుం కింద దూరినప్పుడు, ఎవరైనా పక్కకు తీసి పెడతారేమో అనుకున్నాను. పచ్చతల రాయిని ట్రాక్టర్‌లో ఎక్కించారు కూడా. దానికి లెక్క ఉంది, రిజిస్టరులో నంబరుంది. నాకు లేదు. కాంట్రాక్టరు మనిషి నావంక చూసి “ఇదేందిరా, సమాధి రాయా?” అన్నాడు. “కాదు సార్, ఉత్త రాయి” అన్నాడు డ్రైవరు. చింత మొద్దుల మీద పడేసి మట్టి తోలారు.

ఎన్నేళ్లు గుంటలో ఉన్నానో నాకు లెక్కలేదు. అంకెలతో బతికినదాన్ని, అక్కడ అంకెల్లేవు. తలమీదుగా పోయే చక్రాల బరువును బట్టి కాలం తెలిసేది. బస్సులు తేలికైనాయి, లారీలు బరువెక్కినాయి. జగ్గయ్యపేట సిమెంటు, నందిగామ పత్తి, మిర్చి బస్తాలు. సుబాబుల్ కర్ర లోడయితే వాసనే చెప్పేది. మట్టి కోసుకుపోయి నా భుజం బయటపడ్డాక, ఈ టీ బంకు పెద్దాయన గడ్డపారతో తవ్వి, బంకు దాకా దొర్లించుకొచ్చాడు. “బరువుంది, పట్టా తాడు కడితే గాలికి లేవదు” అన్నాడు భార్యతో. ఇన్నాళ్లకు నాకు దొరికిన ఉద్యోగం అది.

నా చదువంతా ఈ బంకు దగ్గరే, నూనె మరకల మధ్యన. ఇక్కడి రైతు సుబాబుల్ నరికి గిట్టుబాటు ధర రాలేదని తిట్టుకుంటూ పేపరు మిల్లుకు తోలతాడు. అది కాగితమై, ప్రణాళికలు అచ్చేసుకుని, బజ్జీ పొట్లంగా తిరిగొస్తుంది. అలా తెలిసిందే కారిడార్ సంగతి. 2014 విభజన చట్టంలోనే విశాఖ–చెన్నై పారిశ్రామిక కారిడార్ వీలవుతుందో లేదో ఆరు నెలల్లో చూడమని రాశారట. 2016లో ఆసియా అభివృద్ధి బ్యాంకు 63.1 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. కారిడారంటే రోడ్డొక్కటే కాదట. రేవు, రైలు, కరెంటు, నీళ్లు, మురుగునీటి శుద్ధి, పనివాళ్ల ఇళ్లు అన్నీ ఒకచోటికి చేర్చి, అక్కడికి ఫ్యాక్టరీలను పిలవాలి. అలాంటి చోటును ‘నోడ్’ అంటారు. విశాఖ, కాకినాడ, అమరావతి, ఏర్పేడు–శ్రీకాళహస్తి, అలా పేర్లున్నాయి.

నోడంటే మన ముడే. తాడు పట్టుకుని బావిలోకి దిగినవాడికి తెలుసు, ముడి దగ్గర చెయ్యి నిలుస్తుంది, ముడికీ ముడికీ మధ్య జారిపోతుంది. కీసర ఎప్పుడూ ఆ జారిపోయే చోటే.

ఇంకో కారిడార్ మా ఉత్తరాన వస్తోంది, నాగపూర్–విజయవాడ. వరంగల్ నుంచి ఖమ్మానికి 108 కిలోమీటర్లు, ఖమ్మం నుంచి విజయవాడకు 90 కిలోమీటర్లు, కలిపి సుమారు 6,400 కోట్ల రూపాయలు. 2023 అక్టోబరు 1న ప్రధాని మహబూబ్‌నగర్‌లో శంకుస్థాపన చేశారు. ఖమ్మం–విజయవాడ మధ్య 27 కిలోమీటర్లు తగ్గుతాయి. పొలాల మధ్య నుంచి కొత్తగా వేసే రోడ్డు, ఎక్కడ పడితే అక్కడ ఎక్కేదీ దిగేదీ కాదు. పొట్లం విప్పిన లారీ డ్రైవరు ఈ ముక్క చదివి వినిపించాడు.

“మధిర మీదుగా నందిగామకొచ్చే ఖమ్మం బండ్లు ఇంకిటు రావు బాబాయ్” అన్నాడు.

“ఆ కొత్త రోడ్డు మీద టీ తాగాలంటే ఎట్టా?” అన్నాడు పెద్దాయన.

“ఆగనియ్యరు. ఆగితే కెమెరా ఫొటో తీస్తది.”

పెద్దాయన గ్లాసులు కడుగుతూ ఉండిపోయాడు. కారిడారును తెలుగులో నడవా అంటారు. నడవాలో మంచం వేస్తే ఇంటివాళ్లు తిడతారు. మా పాత దారి నడవా కాదు, అరుగు. ఎవరైనా కాసేపు కూలబడొచ్చు. 27 కిలోమీటర్ల డీజిలు మిగలడం మంచిదే, నేను కాదనను, ఎడ్ల రొప్పు విన్నదాన్ని. ఆ మిగిలిన డబ్బు ఏ ముడి దగ్గర దిగుతుందన్నదే నా అనుమానం.

దారుల లెక్కలు వేసేవాళ్లు మునేరును మాత్రం సరిగా చదవలేదనిపిస్తుంది. వరంగల్ అడవుల నుంచి ఖమ్మం మీదుగా వస్తుంది. వైరా, కట్టలేరు నీళ్లూ దీనిలోనివే. కాస్త దిగువన కృష్ణలో కలుస్తుంది. కృష్ణ నిండుగా ఉంటే దీని నీళ్లు పోక వెనక్కి ఎగదన్నుతాయి. 2023 జూలై ఆఖర్లో పక్కనున్న ఐతవరం దగ్గర హైవే మీదికే ఎక్కాయి. హైదరాబాదు–విజయవాడ బండ్లన్నీ నిలిచిపోయాయి. 2024 సెప్టెంబరు 1న మళ్లీ అదే వరస, ఈసారి గరికపాడు దగ్గర పాలేరు కూడా తోడైంది. ఆ రాత్రి బంకు పట్టా నా మెడకు కట్టే ఉంది. నీళ్లు నా విరిగిన అంకె దాకా వచ్చి, ఆగి, తెల్లారి దిగాయి. వరద ఎంత ఎత్తు వచ్చిందో నా ఒంటిమీద బురద గీత ఉంది. ఎవరైనా కొలుచుకోవచ్చు. బంకు పెద్దాయన భార్య కొబ్బరి పీచుతో తోమి కడిగేసింది, కూర్చునేవాళ్ల బట్టలు పాడవుతాయని.

మొన్నామధ్య సర్వేవాళ్లొచ్చారు. నాలుగు వరసల్ని ఆరు చేస్తారట. మూడు కాళ్ల పరికరం, పొడుగాటి కొలబద్ద, ఎర్ర రంగు డబ్బా. చైన్‌మ్యాన్ కుర్రాడు నన్ను కాలితో తట్టి, “బాబాయ్, ఈ రాయి కదలదుగా?” అన్నాడు.

“నేనిక్కడ బంకు పెట్టిన కాణ్ణించీ ఉంది సారూ” అన్నాడు పెద్దాయన. అబద్ధమేమీ కాదు.

కుర్రాడు నా నెత్తిన ‘టీబీఎం’ అని రాసి, బాణం గుర్తేసి, సముద్ర మట్టానికి ఇంత అని ఓ అంకె వేశాడు. చుట్టుపక్కల ఎత్తుపల్లాలన్నీ నా నుంచే కొలుస్తారట. పోయిన అంకె పక్కన కొత్త అంకె. ఎర్రగా, తడిగా. అరవై ఏళ్ల తర్వాత నన్నొక మనిషి లెక్కలోకి తీసుకున్నాడు. ఆ తర్వాత రెండు వారాలూ నా మీద ఎవరు కూర్చున్నా రంగు చెదురుతుందేమోనని ఒకటే దిగులు.

మూడో వారంలో సుబాబుల్ లోడు లారీ ఒకటి టైరు పేలి బంకు ముందు ఆగింది. జాకీ ఎత్తే ముందు వెనక చక్రానికి ఊత కావాలి. క్లీనరు గడ్డపార నా కింద దూర్చి, పెళ్లగించి, దొర్లించి చక్రానికి అడ్డం పెట్టాడు. పని అయ్యాక, పాపం, మంచివాడు, తెచ్చి మళ్లీ అక్కడే పెట్టాడు. ఎర్రరాత పైకి ఉండేట్టు కూడా చూశాడు. గుంటలోకి మాత్రం సరిగా దిగలేదు, ఓ అరడుగు పైకే ఉండిపోయాను.

సర్వేవాళ్లు మళ్లీ వచ్చి వంతెన వైపు నుంచి కొలుచుకుంటూ నా దగ్గరికి చేరారు. పరికరంలోకి మూడుసార్లు చూశారు. లెక్క కలవలేదు. చుట్టూ నేలంతా పోయినసారి కంటే అరడుగు కిందికి వస్తోంది.

ఇంజనీరు నది వంక చూశాడు, నల్లరేగడి వంక చూశాడు, బూటుతో రెండుసార్లు తన్నాడు. “నేల కుంగినట్టుంది. రాయి” అన్నాడు.

నన్నే పిలిచాడనుకున్నాను. కుర్రాడు పుస్తకం తీశాడు.