ఫొటో బాగా వచ్చింది

మా జిల్లా కేంద్రంలో ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెబ్‌సైటు ఉంది. పింఛను దరఖాస్తులూ, ధ్రువపత్రాలూ, అర్జీలూ అన్నీ అందులోనే. ఏ కార్యాలయమో చెప్పను. చెప్పకపోయినా మీకు మీ ఊరిది గుర్తొస్తుంది.

ఆ సైటు మీద మొదటి ఫిర్యాదు రాసింది సంగీతం మేస్టారు. పుట్టుకతోనే చూపు లేదు. సర్కారు బడిలో పిల్లలకు సరళీ స్వరాలు నేర్పి రిటైరయ్యారు. కంప్యూటరు ఆయనకు కొత్తేమీ కాదు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడతారు. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ మొదలుపెట్టగా, ఆ తర్వాత జేమ్స్ టే తోడై, ఇద్దరూ చూపులేనివాళ్లే, తయారుచేసి ఊరికే పంచిపెట్టిన సాఫ్ట్‌వేర్ అది. తెర మీదున్నది చదివి వినిపిస్తుంది. మేస్టారు దాన్ని ఎంత వేగంగా పెట్టుకుంటారంటే పక్కన కూర్చున్నవాళ్లకు సాయంత్రంపూట చెట్టు మీద పిచ్చుకల గోలలా ఉంటుంది. ఆయనకు మాత్రం ముక్క పోదు.

మన సైటు తెరిచేసరికి ఆ గొంతు “బటన్, బటన్, గ్రాఫిక్, లింక్, బటన్” అనేది. ఏ బటనో చెప్పదు. చెప్పడానికి దానికో పేరంటూ రాసి ఉంటే కదా! జీవోలన్నీ స్కాన్ చేసి పెట్టిన పీడీఎఫ్‌లు. వాటిని “ఖాళీ” అనేసేది. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు సర్క్యులర్లను ఇంగ్లీషు అక్షరాల కలగాపులగంగా చదివేది. ఇవన్నీ ఎలాగో దాటుకొస్తే చిట్టచివర క్యాప్చా. గీతలు కొట్టిన అంకెల బొమ్మ చూపించి, ఇది చదివి నువ్వు మనిషివేనని రుజువు చేసుకో అంటుంది. పక్కింటి కుర్రాణ్ణి కేకేసి పిలిచేలోగా సెషన్ ముగిసిపోయేది. మేస్టారు ఇదంతా ఒక పేజీలో రాయించి, “నేను మనిషినేనని తమరు అంగీకరించవలసిందిగా ప్రార్థన” అని ముగించి, ఆఫీసుకెళ్లి స్వయంగా ఇచ్చొచ్చారు.

అధికారి గారు చెడ్డవారు కాదు. కాగితం చదివారు. “మన సైటుకి చూపులేనివాళ్లు ఎంతమంది వస్తున్నారో కనుక్కోండి” అన్నారు. సైటు చూసే ఏజెన్సీవాళ్లు లెక్కలు తీసి, “ఒక్కరూ రావట్లేదు సార్” అన్నారు. స్క్రీన్ రీడర్‌తో వచ్చినవాళ్లు మామూలు లెక్కల్లో విడిగా పడరు. పడినా, అలాంటి చోటికి ఒకసారి వచ్చినవాళ్లు మళ్లీ ఎందుకొస్తారు?

ఆ ఫైలు అక్కడే నిద్రపోయేది, సుప్రీంకోర్టు లేపకపోతే. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. దాని నిబంధనలు 2017లో వచ్చాయి. అప్పటినుంచి రెండేళ్లలో సేవలన్నీ అందరికీ అందేలా చేయాలన్నది చట్టంలోని మాట. ఆ గడువు 2019లోనే తీరిపోయింది, ఎవరికీ నిద్ర చెడకుండా. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో కోర్టు, ఆ నిబంధనల్లో 15(1) ఉత్త సలహాలాగే ఉందనీ, చట్టం తప్పనిసరి అన్నదాన్ని నిబంధన ఐచ్ఛికం చేయడం చెల్లదనీ తేల్చి, తప్పనిసరి ప్రమాణాలు మూడు నెలల్లో రాయమంది. ఆ తర్వాత పైనుంచి కిందికి సర్క్యులర్లు జారాయి. మరుసటి ఏడు డిసెంబరు 3, అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం నాటికి సైటు సిద్ధమైపోవాలన్నారు అధికారి గారు.

ఏజెన్సీవాళ్లు వారంలో పని కానిచ్చేశారు. పేజీ మూలన చక్రాల కుర్చీ బొమ్మ ఒకటి వెలిసింది. దాన్ని నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయి, పేజీ నల్లగా మారి అక్షరాలు పసుపు రంగులోకొస్తాయి. చూపు మందగించినవాళ్లకు అది పనికొస్తుంది, కాదనను. మేస్టారిని పిలిపించి, “చూడండి మేస్టారూ, ఎలా ఉందో!” అన్నారు.

“అక్షరం పెద్దదైతే నాకేం, చిన్నదైతే నాకేం బాబూ? బటన్లకి పేర్లు పెట్టండి. ట్యాబ్ మీట నొక్కుతూ వాటి దగ్గరికి వెళ్లనివ్వండి. చాలు” అన్నారాయన. తీరా చూస్తే ఆ కుర్చీ బొమ్మ దగ్గరికే ట్యాబ్‌తో వెళ్లడం కుదరలేదు. మౌసుతో నొక్కితేనే తెరుచుకుంటుంది.

ఆయన మాట చెవినేసుకున్నది ఒకే ఒక్కరు, అవుట్‌సోర్సింగ్‌లో పనిచేసే అమ్మాయి. సైటులో ఫొటోలు, ప్రకటనలు ఎక్కించడం ఆ పిల్ల పని. సాయంత్రం ఆఫీసు ఖాళీ అయ్యాక మౌసు పీకేసి, మానిటర్ ఆపేసి, తన సైటులో తానే దరఖాస్తు పెట్టబోయి మెనూలో ఇరుక్కుపోయింది. తర్వాత మేస్టారింటికి వెళ్లింది.

“మాస్టారూ, ఫొటో ఎక్కించేటప్పుడు ఆల్ట్ టెక్స్ట్ అని ఒక గడి వస్తుందండీ. ఇన్నాళ్లూ ఖాళీగా వదిలేస్తున్నాను. అదెందుకండీ?”

“అది మాకోసమేనమ్మా. ఫొటోలో ఏముందో అక్కడ రాస్తే మాకు వినబడుతుంది. కళ్లున్నవాళ్లకి మామూలుగా కనబడదు.” ఆ గడి ఖాళీగా వదిలేసినందుకు ఒలింపిక్స్‌వాళ్లే కమిషన్ ముందు నిలబడాల్సొచ్చిన కథ కూడా చెప్పారాయన. 2000 సిడ్నీ క్రీడల సైటులో బొమ్మలకు వివరణ లేదని బ్రూస్ మగ్వైర్ అనే చూపులేని ఆయన మానవ హక్కుల కమిషన్‌లో ఫిర్యాదు చేశారు. సరిచేయమని కమిషన్ చెప్పినా నిర్వాహకులు పూర్తిగా సరిచేయక, 20,000 ఆస్ట్రేలియన్ డాలర్లు పరిహారం కట్టాల్సొచ్చింది.

“మరి ఏం రాయాలండీ అందులో?”

“నువ్వు చూసింది రాయి. నామీద జాలిపడి అందంగా రాయకు.”

డిసెంబరు 3న షామియానా, ఫ్లెక్సీ, పూలబొకేలు. బల్ల మీద కంప్యూటరు పెట్టి, దాని వీపు జనం వైపుకు తిప్పారు, పెద్దల మొహాలు ఫొటోలో బాగా పడాలని. అమ్మాయి శాలువాల పళ్లెం పట్టుకుని వేదిక మీద పెద్దల వెనకాల నిలబడింది. అధికారి గారు మేస్టారి చెయ్యి పట్టుకుని మౌసు మీద పెట్టి, “నొక్కండి మేస్టారూ” అన్నారు. నొక్కారు. చప్పట్లు మోగాయి.

“మాటేం వినిపించలేదే?” అన్నారు మేస్టారు.

“స్పీకర్లు పెట్టలేదండీ, మైకులో గుయ్యిమంటుందని. సైటు మాత్రం బ్రహ్మాండంగా తెరుచుకుంది!”

మర్నాడు పేపర్లలో వార్త వచ్చింది. ఆ రాత్రి మేస్టారు ఇంట్లో సైటు తెరిచారు. కొన్ని బటన్లకు పేర్లొచ్చాయి, క్యాప్చా అలాగే ఉంది. ముందు పేజీలోనే పెద్ద ఫొటో. పిచ్చుకల వేగం తగ్గించి, దాని ఆల్ట్ టెక్స్ట్ నింపాదిగా విన్నారు:

“వేదిక మీద ఏడుగురు. ఆరుగురు కెమెరా వైపు చూసి నవ్వుతున్నారు. సంగీతం మేస్టారి చెయ్యి మౌసు మీద ఉంది. ఆ చేతి మీద అధికారి గారి చెయ్యి ఉంది. మౌసు తీగ దేనికీ తగిలించి లేదు. తెర మీద ‘సర్వర్ అందుబాటులో లేదు’ అని ఉంది. సైటు తెరుచుకోలేదు. మిగతా అందరూ చప్పట్లు కొడుతున్నారు.”

మేస్టారు రెండోసారి విన్నారు. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

వారానికి ఏజెన్సీవాళ్లు సైటును తనిఖీ సాఫ్ట్‌వేర్‌తో పరీక్ష చేయించారు. అలాంటి సాఫ్ట్‌వేర్ బొమ్మకు వివరణ ఉందా లేదా అనే చూస్తుంది. ఏం రాశారన్నది దానికి పట్టదు. ఫొటోలకు వివరణ: ఉంది, ఉత్తీర్ణం. ఆ నివేదిక చూసి అధికారి గారి మనసు నిండిపోయి ఫోన్ చేశారు.

“మేస్టారూ, మన ఫొటో సైటులో పెట్టించాను. మీకోసం దానికి వివరణ కూడా రాయించానండీ. విన్నారా?”

“విన్నానండి. అందరం ఉన్నదున్నట్టు వచ్చాం.”

“హమ్మయ్య! ఆ పేజీనే రాష్ట్రస్థాయి అవార్డుకి పంపేశాను మేస్టారూ. కమిటీలో మీలాగే చూపులేని సభ్యులొకరు ఉన్నారట. ఆయనకి నచ్చితే చాలు, మిగతావాళ్లంతా ఆయన మాటే వింటారట!”