బాల్టీయము: ఒక గృహ్యసూత్రానికి టీకా తాత్పర్యాలు

మూలం

"ఇదిగో, బేగి బాల్టీలో కాళ్ళెట్టండి. తేలు వేడెక్కీసింది. సెక్టర్ నైన్ రేపు సూద్దాం."

అవతారిక

కాళిదాసుకు టీకలు రాసిన కోలాచల మల్లినాథ సూరి మనవాడే. మెదక్ దగ్గర కొల్చారం ఆయన ఊరంటారు. మేఘదూతంలో యక్షుడు విరహంతో కూర్చున్న రామగిరి మా సర్గుజా రామ్‌గఢ్ కొండేనని ఛత్తీస్‌గఢ్‌లో చాలామంది నమ్మకం. మల్లినాథుడు మాత్రం అది చిత్రకూటమని ఒక్క ముక్కలో తేల్చేసి ముందుకు వెళ్ళిపోయాడు. ఒక తెలుగు వ్యాఖ్యాత ఈ నేలకు చేసిన ఆ అన్యాయానికి మరో తెలుగువాడు ప్రాయశ్చిత్తం చేసుకోవాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. కావ్యం దొరకలేదు. మా అత్తయ్య వాక్యం దొరికింది.

భిలాయిలో, రిసాలీలో ఒక ఇల్లు. రాత్రి తొమ్మిది. వంటింటి గుమ్మంలోంచి ఈ సూత్రం వెలువడుతుంది. పది పదాలు, 'కాళ్ళెట్టండి'ని సంధి విడదీస్తే పదకొండు. చలికాలంలో ఇది నిత్యకర్మ. వానాకాలంలో ముసురు పట్టిన రోజున, వేసవిలో పెళ్ళికి వెళ్ళొచ్చిన రాత్రి నైమిత్తికం. ప్లాంటులో ముప్ఫై ఆరేళ్ళు పనిచేసి కూడా అధికారి కాలేకపోయిన మా మామయ్య, ఈ శాస్త్రానికి మాత్రం ఏకైక అధికారి.

ఆయన శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి రైల్ మిల్లులో చేరాడు. సోవియట్ దేశంతో 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన కార్ఖానా ఇది. దేశంలో మనం ఎక్కిన రైలు ఏదైనా ఎక్కడో ఒకచోట భిలాయి పట్టా మీద నడిచే ఉంటుంది. మామయ్య చేరిన కొత్తలో పట్టా పొడవు 13 మీటర్లు. పట్టాకీ పట్టాకీ మధ్య సందు, దానికి అటూ ఇటూ ఫిష్‌ప్లేట్లు, బోల్టులు. రైలు టకటకలాడేదీ, పట్టా ముందుగా అరిగేదీ ఆ అతుకు దగ్గరే. అందుకని అతుకులు తగ్గించడానికి పొడవు పెంచుకుంటూ పోయారు. ఇప్పుడు మిల్లులోనే వెల్డింగు చేసి 260 మీటర్ల పట్టాలు పంపుతున్నారు. కీళ్ళు లేని పట్టా కోసం సిమెంటు నేల మీద, ఇనుప ముక్కు బూట్లలో అన్నేళ్ళు నిలబడ్డ మనిషికి చివరికి కీళ్ళే మిగిలాయి. సూత్రానికి ప్రసంగం ఇదీ.

టీక

ఇదిగో — సంబోధన. భర్త పేరు పలకకూడదు కనక పుట్టిన సర్వనామం. నలభై ఏళ్ళుగా ఇదే మామయ్య పేరు.

బేగి — త్వరగా. మోకాళ్ళు పట్టేసినవాణ్ణి త్వరగా రమ్మనడం అసంభవ దోషం కాదా అని ఆక్షేపం. చల్లారేవి నీళ్ళు కనక, తొందర నీళ్ళదే కానీ మనిషిది కాదని సమాధానం.

బాల్టీలో — బకెట్టులో. పోర్చుగీసు వాళ్ళు తెచ్చిన మాట, హిందీలో బాల్టీగా స్థిరపడింది. అత్తయ్య ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ బకెట్టనే అంటుంది. తిరుగు ప్రయాణంలో సమతా ఎక్స్‌ప్రెస్ రాయగడ దాటాక అది బాల్టీ అవుతుంది. నీళ్ళు చీలమండ మునిగేదాకా ఉండాలి. ఎంతసేపన్నది మూలంలో లేదు. టీవీలో ఒక వార్తల బులెటిన్ అయ్యేదాకా అని ఆచారం, అంటే పావుగంటో ఇరవై నిమిషాలో. ఎంత వేడన్నదీ మూలంలో లేదు. అత్తయ్య మోచెయ్యి ముంచి చూస్తుంది. అరచెయ్యి ఎందుకు కాదంటే, నలభై ఏళ్ళు పెనం మీద రొట్టెలు తిప్పిన అరచెయ్యి సాక్ష్యానికి పనికిరాదు. షుగరున్నవాళ్ళ పాదమూ అంతే: స్పర్శ తగ్గిన కాలు బొబ్బలెక్కినా యజమానికి కబురు చెప్పదు. అలాంటివాళ్ళకు ఈ సూత్రం విధి కాదు, నిషేధం.

ఇక్కడ ఉప్పు అనే పదాన్ని అధ్యాహారం చేసుకోవాలి. మూలంలో లేదు, బాల్టీలో ఉంది, గుప్పెడు కల్లుప్పు. ఇంగ్లండులో ఎప్సమ్ అనే ఊరి బావినీళ్ళ పేరు మీద వచ్చిన ఎప్సమ్ ఉప్పు శ్రేష్ఠమని మా కజిన్ మతం. అందులోని మెగ్నీషియం చర్మంలోంచి దిగి కండరాన్ని సడలిస్తుందని అతని వాదం. అలా చెప్పుకోదగ్గంత దిగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. వేడి నీళ్ళే పని చేస్తాయి. రక్తం చురుగ్గా పారుతుంది, బిగిసిన కండ వదులవుతుంది. మరి ఉప్పెందుకు? ఉప్పు వెయ్యకపోతే అవి కాళ్ళు కడుక్కునే నీళ్ళు. వేస్తే వైద్యం.

కాళ్ళు — ఈ పదం దగ్గర వ్యాఖ్యాత కాసేపు కూర్చోక తప్పదు. తెలుగులో కాలంటే తొడ మొదలు నుంచి బొటనవేలి గోరుదాకా అంతా కాలే. పాదమనే మాట ఉంది కానీ దాన్ని దేవుడికీ, గురువుకీ, పద్యానికీ ఇచ్చేశాం. మనుషులకు పాదాలుండవు, కాళ్ళే. ఇరవై ఆరు ఎముకలున్న ఒక్కో పాదానికి సొంత పేరు లేకుండా చేసిన ఈ భాష, నొప్పి దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాణినిని మించిపోతుంది. సాయంత్రానికి పిక్కలు పీకుతాయి: నిలబడి అలిసిన కండరాలు. అర్ధరాత్రి పిక్క పట్టేస్తుంది: కాలు చాపి వేళ్ళను తనవైపు లాక్కుంటే వదిలే పట్టు. మడమలో పోటు వేరు. మెట్టు దిగుతుంటే మోకాలు కలుక్కుమనడం వేరు. సలపరం ఇంకొకటి, లోపల వాపు ఉందని చాటింపు. తిమ్మిరి, మంట అంటే నరాల వ్యవహారం, షుగరు చూపించుకోవాలి. ఆసుపత్రిలో నొప్పి ఒకటి నుంచి పది దాకా ఎంత అని అడుగుతారు కదా, మా అత్తయ్యనడిగితే అంకె చెప్పదు, క్రియాపదం చెబుతుంది. సగం రోగనిదానం అందులోనే అయిపోతుంది. ఇంత సంపద ఉండీ మామయ్య డాక్టరు ముందు కూర్చోగానే అదంతా కరిగి 'పైర్ మే దర్ద్ హై' అనే నాలుగు మాటలవుతుంది. డాక్టరు ఏ మాత్ర రాస్తాడు పాపం? దర్ద్ మాత్ర రాస్తాడు. ఆ మాత్రనే తర్వాత సుపేలా బజారులో చీటీ లేకుండా కొనుక్కుని నెలల తరబడి మింగేవాళ్ళున్నారు. కడుపూ కిడ్నీలూ దాని బాకీ తీరుస్తాయి.

మామయ్యది మడమ పోటు. పొద్దున్న మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టుంటుంది, పది అడుగులు నడిచాక సర్దుకుంటుంది, సాయంత్రం మళ్ళీ హాజరు. మడమ నుంచి వేళ్ళదాకా అరికాలి కింద సాగదీసిన పట్టీ ఒకటుంది. రాత్రంతా ముడుచుకున్న ఆ పట్టీని లేవగానే ఒంటి బరువంతా వేసి గుంజితే అది గోల పెడుతుంది. కనక మంచం మీదే కూర్చుని, గమ్ఛా తువ్వాలును అరికాలికి మెలివేసి, అరనిమిషం చొప్పున నాలుగైదుసార్లు తనవైపు లాక్కోవాలి. ఆ తర్వాతే భూమాతను తొక్కడం. సాయంత్రం ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ళ సీసాను పాదం కింద దొర్లించాలి. ఇంట్లో గట్టి నేల మీద మెత్తటి చెప్పులు వేసుకోవాలి. ఈ చివరిదానికి మా ఇంట్లో పెద్ద శాస్త్రచర్చ జరిగింది. ఇంట్లో చెప్పులేమిటన్నది పూర్వపక్షం. హాల్లో సరే, దేవుడి గది గుమ్మం దగ్గర విప్పాలన్నది సిద్ధాంతం.

తేలు — వృశ్చికమని కొందరు. రాజమండ్రి నుంచి వచ్చిన కొత్తల్లుడు ఈ పాఠం వినగానే రెండు కాళ్ళూ సోఫా మీదికి లాక్కున్నాడు. అతని తప్పు లేదు. 'తేలు వేడెక్కీసింది' అంటే భయపడని తెలుగువాడెవడు? ఇది హిందీ తేల్, అచ్చు లేనిదే ముగియని తెలుగు నోట్లో తేలయింది. ఇందులో మరో చమత్కారం ఉంది. తిలల నుంచి వచ్చేది తైలం, తైలం నుంచి తేల్. మన నూనె కూడా నువ్వుల నెయ్యే. రెండు భాషలూ నువ్వులకే మొక్కుతున్నాయి, మూకుడులో ఉన్నది మాత్రం ఆవనూనె. అత్తయ్య శ్రీకాకుళం నుంచి నువ్వుల నూనె సీసాతోనే కాపురానికి వచ్చింది. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ మొదటి చలికాలంలోనే మతం మార్చింది. చిన్న మూకుడులో ఆవనూనె, అందులో చితక్కొట్టిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చెంచాడు వాము; సన్నని మంట మీద వెల్లుల్లి ఎర్రబడేదాకా ఉంచి, వడగట్టి, గోరువెచ్చగా పట్టించడం. దొడ్లో దొరికిన వావిలాకు వేడిచేసి కట్టే అలవాటు మాత్రం అత్తయ్య వదల్లేదు. అదే ఆవిడ తెచ్చుకున్న స్త్రీధనం.

నూనె పని చేస్తుందా, చెయ్యి పని చేస్తుందా? ఆవ ఘాటు చర్మాన్ని వెచ్చబరిచే మాట నిజమే, కొందరికి దద్దురు తెప్పించే మాటా నిజమే. కానీ నా ఓటు చేతికి. దెబ్బ తగిలిన చోట రుద్దుకుంటే హాయిగా ఎందుకుంటుందో 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు ఒక సిద్ధాంతం చెప్పారు: స్పర్శ కబురు వెన్నుపాము దగ్గరికి ముందు చేరి, నొప్పి కబురుకు తలుపు సగం మూస్తుందట. మామయ్య నొప్పికి వెన్నులో తలుపు మూసేది అత్తయ్య బొటనవేలు.

నూనె లేని రోజున అమృతాంజనం. 1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆ తర్వాత ఆంధ్రపత్రిక పెట్టారు, భారతి నడిపారు. తెలుగు సాహిత్యానికి తలనొప్పి ఇంత ఉపకారం చేసిన సందర్భం మరొకటి లేదు. అలంకారం విరోధాభాసం: రాస్తే చల్లగా ఉంటుంది, మండుతుంది. చలినీ వేడినీ పసిగట్టే గ్రాహకాలు చర్మం కింద వేరువేరుగా ఉన్నాయి. మిరప ఘాటును పట్టుకుని వేడి గ్రాహకాన్ని కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్‌లో సగం వచ్చింది. గుంటూరుకు ఎవరూ కబురు పెట్టినట్టు లేదు. బామ్ రాసిన చోట మళ్ళీ వేడి కాపడం పెట్టకూడదు, కాలుతుంది.

వేడా చల్లనా అన్న వివాదంలో ఉష్ణవాదులదే మెజారిటీ, ఇక్కడ వేడి పుట్టించడం ఊరి వృత్తి కనక. అయితే కొత్తగా బెణికి వాచిన చీలమండకు మొదటి ఒకటి రెండు రోజులు చల్లనిదే పథ్యం. గుడ్డలో చుట్టిన మంచుముక్కలు, ఎత్తున పెట్టిన కాలు. దాన్ని రుద్దడం శత్రువు పని. పాత బిగువుకి, పొద్దుటి పట్టుకి వేడి. మోకాలికైతే రెండూ పైపై మాటలు. కుర్చీలో కూర్చుని కాలు తిన్నగా చాపి, పది లెక్కపెట్టి దించుతూ తొడ కండరాన్ని బలపరచడమే అసలు మందు. బరువు తగ్గడం కూడా: ఒంట్లో ఒక కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచినవాళ్ళున్నారు. ఇది చదివి వినిపించినప్పుడు మామయ్య పూరీ తింటున్నాడు. తినడం ఆపలేదు.

సెక్టర్ నైన్ — వాచ్యార్థం తొమ్మిదో పేట. లక్ష్యార్థం జవాహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి. గంగలో గొల్లపల్లె ఉందంటే ఒడ్డున ఉందని అర్థం చేసుకోవాలని ఆలంకారికులు లక్షణకు ఉదాహరణ చెబుతారు. భిలాయిలో గంగ అక్కర్లేదు, ఊరంతా లక్షణే. 'సెక్టర్ నైన్‌లో ఉన్నారు' అంటే పళ్ళు పట్టుకెళ్ళాలి. 'సెక్టర్ ఫైవ్ వెళ్ళారు' అంటే బాలాజీ గుడికి, ప్రసాదం తెస్తారు. పవర్ హౌస్ అంటే కూరగాయలు.

రేపు — సూత్రమంతటికీ ఆయువుపట్టు. తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసి దెయ్యాన్నే తిప్పి పంపిన జాతి మనది, ఆసుపత్రి ఒక లెక్కా? రేపన్నది రోజూ రేపే కనక ఎన్నటికీ రాదని నైయాయికులు. కానీ ఇందులో వైద్యం ఉంది. అలిసిన కండ నొప్పి చాలావరకు నాలుగైదు రోజుల్లో తనంతట తానే తగ్గుతుంది. మడమ పోటుకు నెలలు పట్టినా ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే పోతుంది. ఈ లోపు బాల్టీకీ, తేలుకీ పేరొస్తుంది. రానివ్వండి.

రేపు పనికిరాని రాత్రులు కొన్ని ఉన్నాయి, అక్కడ వ్యాఖ్యాత హాస్యం మానెయ్యాలి. పడ్డాక కాలు మీద బరువు మోపలేకపోతే. కీలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం కూడా వస్తే. ఒక్క పిక్కే వాచి నొప్పెడితే. షుగరున్న పాదం మీద చిన్న పుండైనా కనిపిస్తే ఈ సూత్రాన్ని 'సెక్టర్ నైన్ ఇప్పుడే' అని దిద్దుకుని చదువుకోవాలి. మామయ్యకు ఓసారి అర్ధరాత్రి బొటనవేలు దుప్పటి తగిలినా కేక పెట్టేలా వాచింది. అత్తయ్య ఆ రాత్రి బాల్టీ దించలేదు, ఆటో పిలిచింది. గౌట్ అన్నారు. సూత్రకర్తకు తన సూత్రం ఎక్కడ చెల్లదో తెలుసు.

సూద్దాం — చూతము. ఉత్తమపురుష బహువచనం, ఎదుటివాణ్ణీ కలుపుకునే 'మనం' ఇందులో ఉంది. 'చూపించుకోండి' అనలేదు, 'చూపిస్తాను' అనలేదు. ఆటోలో పక్కన ఎవరు కూర్చుంటారో, ఓపీడీ వరుసలో చీటీ పట్టుకుని ఎవరు నిలబడతారో ఈ ప్రత్యయం ముందే చెప్పేసింది. నిలబడడం దగ్గర నాకో సందేహం వచ్చింది. ప్లాంటులో మూడు షిఫ్టులకు ముగ్గురు మనుషులు. వంటింట్లో మూడింటికీ ఒకరే; నేల అదే సిమెంటు, బూట్లు లేవు. ఈ మాట మూలంలో ఎక్కడా లేదు కనక నేను రాయకూడదు.

తాత్పర్యం

రండి.

పాఠశేషం

ఈ సూత్రానికి నాలుగో వాక్యం ఒకటుంది, ప్రచారంలో లేదు. మామయ్య కాళ్ళు తుడుచుకుని మంచమెక్కాక, టీవీ ఆపేశాక, 'నీళ్ళు పారబొయ్యకండి' అని వినిపిస్తుంది. మొన్న నేను గుమ్మం పక్కనే ఉన్నాను. అత్తయ్య ముక్కాలిపీట లాక్కుని, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళదాకా ఎత్తి, ఆ గోరువెచ్చటి నీళ్ళలో కాళ్ళు పెట్టింది. కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత నావైపు చూసి, కూర రుచి చూసినంత మామూలుగా అంది:

"ఉప్పెక్కువైపోనాది."