ద్వితీయ భాగ శాస్త్రం

పండగ సినిమాకు టీవీలో వచ్చే రెండో భాగం గురించి మన పూర్వులు ఏ గ్రంథమూ రాయలేదు. ఒంటి మీద బల్లి పడితే ఏమవుతుందో చెప్పడానికి శాస్త్రం ఉంది, దీనికి లేదు. ఆ భారం పెద్దమందడిలో నా నెత్తిన పడింది. నాకున్న అర్హత ఒకటే: మా ఇంట్లో టీవీకి ఎదురుగా ఉన్న మంచం అవ్వది, కుర్చీ బావది, కాబట్టి నేను గడప మీద కూర్చుంటాను. గడప మీద కూర్చుంటే అరిష్టమని అవ్వ తిడుతుంది గాని, అక్కణ్ణుంచి తెరా కనిపిస్తుంది, తెర చూసేవాళ్ళ మొహాలూ కనిపిస్తాయి. శాస్త్రకారుడికి అంతకన్నా మంచి పీఠం దొరకదు.

ముందు లక్షణం చెప్పాలి. "పండగకు నవ్వించిన కుటుంబ కథ, పండగ పోయాక ఇంటికొచ్చి మళ్ళీ నవ్వించబోవుట ద్వితీయ భాగము." నవ్వించబోవుట అన్నాను, నవ్వించుట అనలేదు. అనుంటే తార్కికులు అసంభవ దోషం పట్టేవారు.

ఇక పూర్వపక్షం. టీవీ కోసమని విడిగా తీసిందే అసలైన రెండో భాగమనీ, ఆ విద్య అమెరికా వాళ్ళదనీ వాదించేవారున్నారు. వాళ్ళు చూపే దృష్టాంతాలు రెండు. మొదటిది "హోం అలోన్". క్రిస్మస్ ప్రయాణపు హడావుడిలో పిల్లవాణ్ణి ఇంట్లోనే మరిచిపోయి విమానమెక్కిన కుటుంబం కథ, 1990లో వచ్చింది. 1992లో, 1997లో వచ్చిన తర్వాతి భాగాలు కూడా సినిమా హాళ్ళకే వచ్చాయి. నాలుగోదాన్ని 2002 నవంబరులో ఏబీసీ ఛానెల్ కోసం తీశారు. పిల్లవాడి పేరు కెవినే, దొంగ పేరు మార్వే. కాని ఆ పిల్లవాడు వేరు, ఆ దొంగ వేరు. పెళ్ళి పత్రికలో పేర్లు అవే ఉండి, పీటల మీద ఇంకెవరో కూర్చున్నట్టు. అమెరికా క్రిస్మస్‌ను తీసుకుపోయి దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో చిత్రీకరించారు.

రెండో దృష్టాంతం నాకు మరీ ప్రీతిపాత్రం. 1989 నాటి "క్రిస్మస్ వెకేషన్"లో క్లార్క్ అనే ఇంటాయన దగ్గరికి ఎడ్డీ అనే చుట్టం పిలవకుండానే పెళ్ళాంపిల్లల్ని బండిలో వేసుకుని దిగుతాడు. 2003 డిసెంబరు 20న ఎన్‌బీసీలో వచ్చిన రెండో భాగంలో క్లార్క్ లేడు, ఆ వేషం కట్టిన చెవీ చేజ్ రాలేదు. కథానాయకుడెవరంటే చుట్టమే! చేస్తున్న కొలువు ఒక కోతికి పోగా, కుటుంబంతో పోయి దీవిలో చిక్కుకుంటాడు. ఇంటాయన వెళ్ళిపోయినా చుట్టం మిగిలాడన్న ఈ సత్యానికి "అతిథి శేష న్యాయం" అని పేరు పెడుతున్నాను. మా బావ అటుగా రావడంతో కాగితం బోర్లించి మళ్ళీ రాస్తున్నాను.

అసలు రెండో భాగం ఎందుకు పుడుతుంది? కారణం మాకు దగ్గర్లోనే ఉంది. మదనాపురం వైపు పోతే, 1959లో పూర్తయిన సరళాసాగర్ కనిపిస్తుంది. నీళ్ళు నిండు మట్టానికి వచ్చాయంటే గేటెత్తే మనిషి అక్కర్లేదు, సైఫన్లు వాటంతట అవే దూకుతాయి. వసూళ్ళూ అంతే. ఒక మట్టం దాటాక నిర్మాత వద్దన్నా రెండో భాగం దూకుతుంది. అయితే 2019 డిసెంబరు 31న ఆ చెరువుకు కట్టే తెగింది. ఏది సైఫన్ దూకుడో, ఏది కట్ట తెగడమో తెలిసినవాడే విమర్శకుడు. పై నాలుగో భాగాన్ని ఏ పద్దులో వేయాలో పాఠకులకు వదిలేస్తున్నాను.

మనవాళ్ళు టీవీ కోసం ఇంత శ్రమ పడరు, రెండో భాగాన్నీ హాళ్ళకే తీస్తారు. 2019 సంక్రాంతికి వచ్చిన "ఎఫ్2"కు "ఎఫ్3" 2022 మే ఎండల్లో వచ్చింది, వెంకటేశ్‌కు రేచీకటి, వరుణ్ తేజ్‌కు నత్తి తగిలించుకుని. 2016 సంక్రాంతి నాటి "సోగ్గాడే చిన్ని నాయనా"లో బంగార్రాజు ముందే చచ్చి ఆత్మగా వచ్చినవాడు. 2022 సంక్రాంతికి "బంగార్రాజు"లో మళ్ళీ దిగాడు, ఈసారి భార్య కూడా ఆత్మే. టీవీలో అది చూసి అవ్వ, "చచ్చినోడు మల్ల రావొచ్చు గని, వాని బట్టలు గూడ ఇస్త్రీ జేసుకోని వస్తయారా?" అంది. దీనికి శాస్త్రంలో సమాధానం లేదు.

ఇక్కడ వంటింటి ప్రమాణం ఒకటి. గారె మర్నాటికి సాగుతుంది, చేపల పులుసు మర్నాటికే ఊరుతుంది. హాస్య సన్నివేశం గారె, మనిషి పులుసు. రెండో భాగం తీసేవాళ్ళు పులుసును పారబోసి గారెల్ని వేడి చేస్తారు.

ఇప్పుడు సిద్ధాంతం. సినిమాకు టీవీయే రెండో భాగం. కొత్తగా తీయనక్కర్లేదు, ఉన్నదే ఇంటికి వస్తే చాలు, అది వేరే సినిమా అయి కూర్చుంటుంది.

నిదర్శనం: "సంక్రాంతికి వస్తున్నాం" 2025 జనవరి 14న వచ్చింది. రెండు బండ్ల మీద వనపర్తి పోయి చూశాం. అదే మార్చి 1న జీ తెలుగులో వేశారు. అంటే 46 రోజులకు. శివరాత్రి వెళ్ళి మూడు రోజులు, చలి శివశివా అని పోయింది, ఫ్యాను కింద సంక్రాంతి వచ్చింది. ఆ రోజు శనివారం, బావ పెబ్బేరు సంత నుంచి ఆదరాబాదరాగా వచ్చి కుర్చీ ఆక్రమించాడు. యాసంగి పల్లికాయ పీకే రోజులు. అక్క ఉడకబెట్టిన పల్లికాయ గంపెడు తెచ్చి నడిమధ్యలో పెట్టింది.

భార్యకూ పాత ప్రియురాలికీ మధ్య వెంకటేశ్ నలిగే చోట హాల్లో బావ ఈల వేసినంత పని చేశాడు. ఇంట్లో అదే చోట నవ్వబోయి, అక్క వైపు చూసి, పల్లికాయ గొంతుకు అడ్డం పడ్డట్టు దగ్గాడు. హాల్లో చీకట్లో నవ్వుకు పేరుండదు. ఇంట్లో ట్యూబులైటు కింద ఎవరు, ఎక్కడ, ఎందుకు నవ్వారో లెక్క చెప్పాలి. "అంత నవ్వేటిది ఏముంది అండ్ల?" అని అక్క అడిగింది. అప్పుడే ప్రకటనలు మొదలయ్యాయి. తలనూనె, సబ్బు, మళ్ళీ తలనూనె. బావ జీవితంలో ప్రకటనల్ని అంత శ్రద్ధగా చూడటం నేనెరగను. దర్శకుడు అనిల్ రావిపూడి తీయని సన్నివేశమిది, మా ముందు గదిలో పైసా ఖర్చు లేకుండా జరిగింది.

సినిమా అయిపోయింది. భోగినాడు పండగకొచ్చిన బావ, పల్లికాయ పీకేదాకా ఉంటానని ఆగినవాడు, కుర్చీలో కాళ్ళు మడుచుకున్నాడు. అవ్వ అతని వైపు చూడకుండానే నన్నడిగింది.

"అందరు వస్తున్నం, వస్తున్నం అని తీస్తరు గని, పోతున్నం అని ఎవ్వరు తియ్యరారా?"

"రెండో భాగంల తీస్తరేమో అవ్వా," అని బావ గంపలోకి చెయ్యి పెట్టాడు.