అలగని చుట్టాలు

మా అమ్మాయి పెళ్లి శుభలేఖలు పంచే పని బావమరిది నెత్తిన పడింది. జాబితా మా ఆవిడ రాసింది, చుట్టరికపు వరసలో. మొదట మియాపూర్‌లో పెదనాన్నగారు, తర్వాత దిల్‌సుఖ్‌నగర్ అత్తయ్య, ఆ తర్వాత మళ్లీ కూకట్‌పల్లి బాబాయి. సాయంత్రానికి పంచినవి ఏడు. స్కూటరూ వాడూ ఒకేలా పొగలు కక్కుతున్నారు.

ఆ రాత్రి నా పాత హార్డ్‌డిస్కూ అలాగే మూలిగింది. ఒకే ఫోల్డర్లో 60 వేల ఈమెయిళ్లు, ఒక్కోటి ఒక్కో ఫైలు. ఓ పాత రసీదు కోసం గ్రెప్ కొడితే ఒకటే కటకట.

డిస్కు నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంది. కావలసిన చోటు తల కిందికి రావడానికి సగటున 4 మిల్లీసెకన్లు, తల అక్కడికి జరగడానికి మరో 8. అరవై వేల ఫైళ్లకూ ఇలా పరుగెడితే 12 నిమిషాలు దారి ఖర్చులకే సరి! పెద్ద ఫోల్డర్లలో ఈఎక్స్‌టీ4 పేర్లను హ్యాష్ వరసలో అందిస్తుంది. అంటే అచ్చం మా ఆవిడ జాబితా.

వెంటనే ఫైండ్‌తో ఐనోడ్ నంబర్లూ పేర్లూ రాబట్టి, సార్ట్ మైనస్ ఎన్‌తో వరసపెట్టి, కట్‌తో నంబర్లు తీసేసి, పేర్లను ఎక్స్‌ఆర్గ్స్ చేత గ్రెప్‌కి పంపాను. ఐనోడ్ ఇంటి నంబరు కాదు, పేట పేరు లాంటిది. అయినా చాలావరకు పనికొస్తుంది.

ఐదు సెకన్లలో అయిపోయింది! కేక పెట్టి అమ్మాయిని పిలిచాను.

"నాన్నా, ఇందాక చదివినవన్నీ ఇంకా ర్యామ్‌లోనే ఉన్నాయి. నువ్వు డిస్కు గడప తొక్కనేలేదు" అంది.

క్యాష్ ఖాళీ చేసి మళ్లీ కొట్టాను. మూడు నిమిషాలు. పరువు కొంత దక్కింది.

మర్నాడు అదే కిటుకు బావమరిదికి చెప్పాను. పేటలవారీగా సర్దుకుని దిల్‌సుఖ్‌నగర్ నుంచి మొదలెట్టి, ఒక్క రోజులో పంచేశాడు. పెదనాన్నగారి వంతు చిట్టచివర వచ్చింది. ఆయన పెళ్లికి వచ్చారు, అక్షింతలు వేశారు, విస్తరి ముందు మాత్రం కూర్చోలేదు.

అరవై వేల ఫైళ్లలో ఒక్కటీ "నన్ను ముందెందుకు పిలవలేదు?" అనలేదు.

ఇప్పుడు అమ్మాయి ఎస్‌ఎస్‌డీ కొనిచ్చింది. దానికి తిరిగే పళ్లెం లేదు, పరుగెత్తే తల లేదు. ఏ వరసలో అడిగినా దాదాపు ఒకటే. నా సార్ట్‌కి పదవీ విరమణ.

పెదనాన్నగారిని భోజనానికి లేపే కమాండు కోసమే ఇంకా వెతుకుతున్నాం.